కొండ దిగిన అద్దాలు

కొండ కదులుతోందని ఆ వానాకాలం ఊరందరికంటే ముందు మా కొట్టుకే తెలిసింది.

మాది అద్దాల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కిటికీలకీ బీరువాలకీ అద్దాలు కోసివ్వడం మా మామయ్య పని. ఆయన పక్కన మా ఆయన. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఎంతో కాలం కాలేదు. పలక ఎత్తి పట్టుకోవడం నేర్చుకున్నాను గాని, కోయడం ఇంకా చేతికి రాలేదు. ఒకరోజు పొద్దున్నే కొట్టు తలుపు తీసేసరికి గోడవార నిలబెట్టిన పెద్ద పలక ఒకటి ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీసినట్టు చిట్లి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మామయ్య దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశారు.

"ఇది దెబ్బ తగిలిన పగులు కాదు. గోడ మెలిపెట్టింది," అన్నారు.

"గోడ మెలిపెట్టడానికి అదేమన్నా తడిబట్టా నాన్నా?" అన్నాడు మా ఆయన.

మామయ్య నవ్వలేదు. మర్నాడు ఇంకో పలక చిట్లింది. ఆ తర్వాత ఇంకోటి. పలకల్ని గోడకి దూరంగా జరిపి, విడిగా చెక్క స్టాండు మీద నిలబెట్టాం. అప్పుడు అద్దాలు చిట్లడం ఆగింది, తలుపులు పట్టేయడం మొదలైంది. ఎదురింటి దర్జీ దారపు ఉండ చెయ్యి జారితే అది ఎప్పుడూ ఒకే మూలకి దొర్లుకుంటూ పోతోందని అందరికీ చూపించి నవ్వుతుండేవాడు. తర్వాత అతనూ నవ్వడం మానేశాడు. మా మెట్ల పక్కన వెంట్రుకంత సందు పడింది. కొన్నాళ్లకి అందులో వేలు దూరింది.

రోడ్డు ఆఫీసు వాళ్లు వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గుర్తులు పెట్టి వెళ్లారు. గుర్తు పడిన ఇళ్లు ఖాళీ చేయాలి. మా వీధి వీధంతా ఎర్రబడింది. జనం మంచాలూ మూటలూ వేసుకుని దిగిపోతున్నారు. దర్జీ తన మిషను నెత్తిన పెట్టుకుని మరీ దిగాడు. మేమే మిగిలాం. మా సామాను మూట కట్టేది కాదు, నెత్తిన పెట్టుకునేదీ కాదు.

"వాన కాస్త తెరిపివ్వనీ," అనేవారు మామయ్య.

"వాన మీ మేనమామ కొడుకా, మీరు చెబితే ఆగడానికి?" అనేది అత్తయ్య.

ఆవిడ నోరు అలాంటిది. బక్కపలచని మనిషి, నోట్లోంచి మాత్రం రాళ్లూ రప్పలూ దొర్లేవి. మామయ్య రోజంతా మాట్లాడని మాటలన్నీ ఆవిడే మాట్లాడేదని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నేను కొత్తలో ఆవిడ అరుపులకి హడలిపోయి వంటింట్లో దాక్కునేదాన్ని. తర్వాత్తర్వాత తెలిసింది, ఆవిడ అరవడం మానేస్తేనే భయపడాలని.

ఆవిడ పడిన రోజు అరుపు వినబడలేదు. వంటింటి తలుపు పట్టేసిందట. కాలు గోడకి తన్నిపెట్టి గట్టిగా లాగిందట. పట్టేసిన తలుపు ఒక్కసారిగా ఊడొచ్చింది, ఆవిడ వెనక్కి వెళ్లి గడప మీద పడింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి పక్కకి ఒరిగి పడుంది. కుడికాలు పాదం బయటికి తిరిగిపోయి, ఆవిడది కానట్టుంది.

"ముట్టుకోకు," అంది. "ముందు పాలు దించు. పొంగిపోతాయి."

డాక్టరు ఇంటికే వచ్చాడు. కుర్రవాడు, ఊళ్లో మిగిలిన ఒకే డాక్టరు. తుంటి దగ్గర ఎముక విరిగిందన్నాడు. రెండు కాళ్ల మధ్యా దిండు పెట్టి, కాళ్లు రెండూ కలిపి కట్టాడు. కింద ఊళ్లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే తప్ప లాభం లేదన్నాడు. చరియ పడి రోడ్డు సగం పోయింది, అంబులెన్సు పైకి రావడం లేదు. ఉన్న బండ్లే మెల్లిగా దిగిపోవాలి.

"ఏదైనా బండి చూసుకుని తీసుకెళ్లండి. కానీ కుదుపు ఉండకూడదు. విరిగిన అంచు లోపల ఏ నాళాన్నైనా కోసిందంటే దారిలో ఎవరూ ఏమీ చేయలేరు," అని, బయల్దేరే ముందు కబురు పెడితే వచ్చి నొప్పి తెలియకుండా సూది వేస్తానని చెప్పి వెళ్లాడు.

మామయ్య ఒకే ఒక్క మాట అన్నారు. "నత్తని పిలవండి."

నత్త అంటే లారీ డ్రైవరు. అందరూ ఆయన్ని మొహం మీదే నత్త అనేవారు. ఆయనకది బిరుదు. కోడిగుడ్లు, పింగాణీ సామాను, మా అద్దాలు, ఇవే ఆయన మోసే సరుకు. కొండ దారిలో ఆయన ముందుంటే వెనకొచ్చే బండ్లవాళ్లు హారన్ కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టి ఊరుకోవాల్సిందే. వచ్చీ రావడంతోనే అత్తయ్య మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు, బీరువా ఎలా దించాలా అని చూసినట్టు.

"ఇంకేం లేదు, అమ్మని పడుకోబెట్టి తీసుకెళ్దాం," అన్నాడు మా ఆయన. "అద్దాలు ఉంటే ఉంటాయి, పోతే పోతాయి."

మామయ్య చూపు మెట్ల వైపు పోయింది. ఆ మెట్ల కింద ఆయన జీవితమంతా చెక్క స్టాండు మీద నిలబడి ఉంది.

నత్త తల అడ్డంగా ఊపాడు. "ఖాళీ బండి గంతులేస్తుంది బాబూ. చిన్న రాయి తగిలినా అడుగెత్తు లేస్తుంది. లోపల బరువుంటే కుదురుగా కూర్చుంటుంది. అమ్మకి కుదుపు తెలియకూడదంటే బండి నిండుగా ఉండాలి. ఇసుక బస్తాలైనా వేసుకోవాలి, ఏదో ఒకటి వేసుకోవాలి. అద్దాలుండగా ఇసుకెందుకు?"

మామయ్య అప్పుడు ఊపిరి వదిలారు. అది మేమందరం విన్నాం. మంచం మీద అత్తయ్య కూడా విన్నది.

"ఇంతకీ నా కోసం అద్దాలొస్తున్నాయా, అద్దాల కోసం నేనొస్తున్నానా?" అంది కళ్లు మూసుకునే.

ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా సర్దుతూనే ఉన్నాం. అద్దాన్ని ఎప్పుడూ పడుకోబెట్టకూడదు. నిలబెడితే ఎంత బరువైనా ఓర్చుకుంటుంది, పడుకోబెడితే తన బరువుకి తనే విరుగుతుంది. లారీలో ముందు భాగాన చెక్క స్టాండు బిగించి, కింద పాత కంబళ్లు పరిచి, పలక పలకకీ మధ్య కాగితం పెడుతూ వెనక్కి కాస్త వాలుగా నిలబెట్టాం. ఎక్కడా ఒక్కచోటే బిగుతుగా ఉండకూడదు, ఎక్కడా వదులుగా ఉండకూడదు. మామయ్య తాడు బిగించి వేలితో మీటి వినేవారు. చప్పుడు నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టేవారు.

"మనిషికైతే అంతా తిరగేసి చేయాలి," అన్నాడు నత్త. "మనిషిని నిలబెట్టలేం కదా."

అద్దాలు కోసే బల్ల పైచెక్కని ఊడదీశాం. దాని మీద దళసరి కంబళి అతికించి ఉంటుంది, అద్దానికి గీతలు పడకుండా. దాని మీద పరుపు, పరుపు మీద అత్తయ్య. బల్లని లారీ వెనక కొసకి పెట్టొద్దన్నాడు నత్త, అక్కడే ఎక్కువ ఎగురుతుందట. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ, అద్దాల స్టాండుకి ఆనించి పెట్టించాడు. దిగుడు దారి కాబట్టి కాళ్లు ముందుకీ తల వెనక్కీ. మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి, నడుముకి అటూ ఇటూ బియ్యం మూటలు. ఒంటి మీంచి వెడల్పాటి పట్టీలు, బిగించినట్టు తెలియకుండా, జారనివ్వకుండా.

బయల్దేరే పొద్దున అత్తయ్య మంచినీళ్లు ముట్టనంది. దారిలో అవసరం పడితే ఎక్కడ దించుతారని ఆవిడ బెంగ.

"ఆ సంగతి నేను చూసుకుంటాను అత్తయ్యా, గిన్నె పెట్టాను," అన్నాను చెవిలో. "గుటకలు గుటకలుగా తాగండి. నాలుక ఎండిపోతే మమ్మల్ని తిట్టేదెవరు?"

రెండు గుటకలు తాగింది. డాక్టరు వచ్చి సూది వేశాడు. మా ఆయన ముందు నత్త పక్కన కూర్చున్నాడు. వెనక నేనూ మామయ్యా. ఆయన కింద కూర్చుని ఒక చెయ్యి స్టాండు మీద, ఒక చెయ్యి బల్ల అంచు మీద వేసుకున్నారు. ఆ ఇంటికొచ్చాక నేను అత్తయ్య పక్కన ఆయన అంత దగ్గరగా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. ఇల్లు వదిలి వెళ్తుంటే వెనక్కి తిరిగి చూస్తారేమో అనుకున్నాను. చూడలేదు. ఆయన చెవులు అద్దాల మీద ఉన్నాయి.

నత్త బ్రేకు వేసినట్టే తెలియలేదు. గేరు మీదే బండిని పట్టుకుని, ప్రతి గుంతలోకీ ఒక్కో చక్రాన్ని విడివిడిగా దించుతూ నడిపాడు. అద్దాలు సన్నగా ఒకే రాగంలో మోగుతున్నాయి.

"ఏమండోయ్, ఆ మోత మంచిదేనా?" అంది అత్తయ్య. సూది మందుకి మాట ముద్దగా వస్తోంది.

"మంచిదే. అన్నీ కలిసి మోగుతున్నాయి. విడిగా ఏదైనా మోగితేనే భయం."

"అలా మోగితే చెప్పండి. నేనూ వింటా." తల ఆయన వైపు తిప్పి, "మీరు ఇంతలేసి మాటలు మాట్లాడతారని తెలిస్తే ఎప్పుడో ఎముక విరగ్గొట్టుకునేదాన్ని," అంది.

మామయ్య తల దించుకుని నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. పై వరస పళ్లలో ఒకటి లేదు ఆయనకి.

సగం దారిలో బండి ఆగింది. కొండ మలుపు దగ్గర చరియ పడిన చోటు. నిన్నటిదాకా సరుకు లారీల్ని కూడా వదిలారట. తెల్లవారుజామున ఇంకొంత మట్టి జారింది. రోడ్డుకి లోయవైపు అంచు లేదు. కొండవైపు ఒక్క బండి పట్టేంత మిగిలింది, దాని మీదంతా బురదా రాళ్లూ. ఎర్ర జెండా పట్టుకున్న రోడ్డు పనివాడు ఒకతను ఎదురొచ్చాడు. రోజుల తరబడి వానలో నిలబడి అతని చేతివేళ్లు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"సరుకుతో వదలను. ఖాళీ బండి అయితే పొండి. మనుషులు నడిచి దాటాలి," అన్నాడు.

"లోపల కాలు విరిగిన మనిషుంది అన్నా," అన్నాడు మా ఆయన.

జెండా మనిషి లోపలికి తొంగి చూశాడు. అత్తయ్యని చూశాడు, ఆవిడ పక్కన నిలబడ్డ అద్దాల్ని చూశాడు. "ఈ బరువుతో దిగితే అందరూ పోతారు. మీ ఇష్టం," అన్నాడు, కసురుకున్నట్టు కాదు, అలసిపోయినట్టు.

నత్త దిగి ఆ మిగిలిన రోడ్డు మీద నడిచి వెళ్లి, మడమతో తొక్కి చూసి వచ్చాడు. మామయ్య వైపు చూశాడు.

మామయ్య అప్పటికే తాళ్లు విప్పుతున్నారు.

పలకలన్నీ దించాం. కొండవైపు పాత రాళ్లగోడ ఒకటి గట్టిగా ఉంటే, దాని వార దుంగలు పరిచి, కంబళ్లేసి, ఒక్కొక్కటే నిలబెట్టాం. జెండా మనిషి కూడా చెయ్యేశాడు. మా ఆయన పళ్లు బిగబట్టి పని చేస్తున్నాడు. ఒక్కసారి మాత్రం, "వీటిని అక్కడే వదిలేసి నిన్ననే బయల్దేరి ఉంటే ఈపాటికి దాటిపోయేవాళ్లం," అన్నాడు. మామయ్య పలకల మధ్య కాగితాలు సర్దుతూనే ఉన్నారు.

ఖాళీ లారీలో అత్తయ్యని దాటించడం కుదరదన్నాడు నత్త. ఆ రాళ్ల మీద బండి ఎగిరితే ఇంతవరకూ కాపాడుకొచ్చింది బూడిదలో పోసినట్టే. బల్లతో సహా చేతుల మీద మోయాలి. అద్దాలు మోసే పట్టీలు బల్ల కిందనుంచి తిప్పి భుజాలకి వేసుకున్నాం. ముందు మామయ్య, మా ఆయన. వెనక నేను, జెండా మనిషి.

"అందరూ ఒకేసారి అడుగు వేయొద్దు," అన్నారు మామయ్య. "కలిపి వేస్తే బల్ల ఊగుతుంది. ఎవరి అడుగు వాళ్లది. చూపు కాళ్ల మీద కాదు, బల్ల మీద."

నా ఎడమ చేతివైపు రోడ్డు లేదు. కింద ఎక్కడో వాగు హోరు. పట్టీ భుజాన్ని కోసేస్తోంది. చూపు బల్ల మీదే పెట్టాను. బల్ల మీద అత్తయ్య కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. చెయ్యి కొద్దిగా జరిపి, బల్ల అంచు పట్టుకున్న నా వేళ్ల మీద వేసింది, అంతే. అవతలికి చేరేదాకా తీయలేదు.

వెనకే నత్త ఖాళీ లారీని దాటించాడు. అది నిజంగానే మేకపిల్లలా గంతులేసింది. అవతల గట్టి నేల మీద రోడ్డు పనివాళ్ల కంకర కుప్పలూ ఖాళీ బస్తాలూ ఉంటే, నింపి వేశాం బరువుకి. అత్తయ్యని మళ్లీ ఎక్కించాం. అప్పటికి ఆవిడకి మత్తు బాగా పట్టి నిద్రలోకి జారిపోయింది.

అప్పుడు వాన మొదలైంది. మామయ్య వెనక్కి తిరిగి అవతలి గోడ వైపు చూశారు. లారీ మీద కప్పగా మిగిలిన టార్పాలిన్ తీసి చంకలో పెట్టుకున్నారు.

"నీళ్లు మధ్యలోకి దిగితే పలకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మచ్చలు పడితే ఇక పోవు," అన్నారు. "కప్పేసి వస్తాను. మీరు పదండి. నేను వెనకాల ఏదో ఒక బండి పట్టుకుని వచ్చేస్తా."

"నేను వెళ్తాను నాన్నా," అన్నాడు మా ఆయన.

"నీ కట్టు గాలికి ఊడిపోతుంది. నువ్వు అమ్మ దగ్గర ఉండు." లారీలోకి వంగి, జారిన దుప్పటి అత్తయ్య భుజం మీదకి లాగారు. "లేచాక అడిగితే, వస్తున్నానని చెప్పు," అని నాతో అని, వానలో తల వంచుకుని నడిచి వెళ్లిపోయారు.

మేం కదిలాం. నత్త ఎప్పటిలాగే నెమ్మదిగా నడిపాడు. వాన హోరులో మాకు వెనకనించి ఏ చప్పుడూ వినబడలేదు.

ఆసుపత్రిలో అత్తయ్యని లోపలికి తీసుకెళ్లారు. కుదుపు లేకుండా బాగా తెచ్చారని అక్కడి నర్సు మెచ్చుకుంది. సాయంత్రం వరండాలో నేనూ మా ఆయనా బెంచీ మీద కూర్చుని ఉన్నాం. గేటులోంచి జెండా మనిషి వచ్చాడు. చేతిలో జెండా లేకపోతే ముందు పోల్చుకోలేదు నేను. తల నుంచి కాళ్ల దాకా బురద. మా ముందు నిలబడ్డాడు.

"కప్పడం అయిపోయింది," అన్నాడు. "నాలుగు మూలలా కట్టి, లాగి చూసుకుని, తిరిగొస్తున్నాడు. నేను ఇటు కొసన ఉన్నా. నన్ను చూసి చెయ్యెత్తాడు."

అంతే చెప్పాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. నేను జెండా మనిషికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు. అతను తాగి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వాన తెరిపిచ్చాక, జారిన మట్టితో పాటు చాలా కిందికి, వాగు ఒడ్డున దొరికారు మామయ్య. మా ఆయన వెళ్లి చూసి, జరగాల్సింది జరిపించి వచ్చాడు. ఆ తర్వాత అతను మాట్లాడటం దాదాపు మానేశాడు.

ఆపరేషన్ అయ్యింది. గుండె బలహీనంగా ఉంది, ఇప్పుడే చెప్పొద్దన్నారు డాక్టర్లు. రోజూ అబద్ధం నా వంతు. మా ఆయన ఆవిడ మొహం చూడలేక వార్డు బయటే ఉండేవాడు.

"మీ మామయ్య ఏరీ?" అనేది అత్తయ్య.

"అద్దాల దగ్గర ఉన్నారు అత్తయ్యా. రోడ్డు ఇంకా తెరవలేదు."

"తిండెక్కడ?"

"జెండా మనిషి వాళ్లింట్లో."

"ఊఁ. అద్దాల దగ్గరే ఉంటాడు. ఇంకెక్కడుంటాడు," అని గోడవైపు తిరిగేది.

ఒకరోజు అడిగీ అడిగీ విసిగిపోతుందేమోనని, "నిన్న వచ్చారు, మీరు నిద్రలో ఉన్నారు. పొద్దుటిదాకా ఇక్కడే కూర్చుని వెళ్లారు," అనేశాను.

బయట గాలి వీస్తోంది. ఆవిడ మంచం పక్క కిటికీలో కింది అద్దం వదులై, గాలి వచ్చినప్పుడల్లా టకటకా కొట్టుకుంటోంది. మేం వచ్చిన రోజు నుంచీ అలాగే కొట్టుకుంటోంది. నాకది అలవాటై వినబడడమే మానేసింది.

"ఎక్కడ కూర్చున్నాడు?" అంది.

"ఇదిగో, ఈ స్టూలు మీదే."

"ఈ కిటికీ పక్కన?"

"అవును."

అత్తయ్య ఆ అద్దాన్ని చూస్తూ ఉండిపోయింది. గాలి వచ్చింది. టకటకా మోగింది. ఆగింది.

"నీకు అబద్ధాలాడటం చేతకాదమ్మాయ్," అంది మెల్లిగా. "ఆయనే ఇక్కడ కూర్చునుంటే దీన్ని ఇలా కొట్టుకోనిచ్చేవాడా? మేకు దొరక్కపోతే అగ్గిపుల్ల విరిచైనా దోపేవాడు."

నేను తల దించుకుని ఆవిడ దుప్పటి అంచు సరిచేశాను.

"ఎప్పుడు?" అంది.

"మనం దిగిన రోజే."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. నర్సుని పిలుద్దామని లేవబోతే చెయ్యి పట్టుకుంది. "కూర్చో. వాడెక్కడ?" అంది. బయట ఉన్నాడన్నాను. "పిలు. బయట నిలబడి వాడొక్కడే మోస్తున్నాడా ఇన్నాళ్లూ?" అంది.

మా ఆయన వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. అత్తయ్య అతని తలమీద చెయ్యి పెట్టి పైకప్పు చూస్తూ పడుకుంది. నేను బయటికి వెళ్లి, వరండా మూలలో నిలబడి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక కింద ఊళ్లో ఒక పాత గోడౌను వెనక రెండు గదులు దొరికాయి. ముందు సిమెంటు వాకిలి. అత్తయ్య కర్ర పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా నడవడం మొదలుపెట్టింది. మా ఆయన ఒక వడ్రంగి దగ్గర పనికి కుదిరాడు. తలుపులు చేసేవాడు, కిటికీలు ముట్టుకునేవాడు కాదు. రోడ్డు తెరిచారని తెలిశాక ఒకసారి నేనే కదిపాను.

"అద్దాలు అక్కడే ఉన్నాయట."

"ఉండనీ."

"వానకి..."

"ఉండనీ అన్నానా?" అని కంచం ముందునుంచి లేచిపోయాడు.

వానలు వెనకపట్టు పట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం గేటు ముందు లారీ చప్పుడు వినబడింది. అంత నెమ్మదిగా వచ్చే లారీ ఈ లోకంలో ఒకటే ఉంది. నత్త దిగాడు. అవతలి తలుపులోంచి జెండా మనిషి దిగాడు. ఎవరూ వాళ్లని వెళ్లమనలేదు, తెమ్మనలేదు. లారీ వెనక, స్టాండు మీద, టార్పాలిన్ కప్పుకుని మా అద్దాలు నిలబడి ఉన్నాయి.

"పెద్దాయన కట్టిన కట్టు కట్టినట్టే ఉంది అమ్మా," అన్నాడు నత్త గుమ్మంలో ఉన్న అత్తయ్యతో. "విప్పలేక చచ్చాం. లోపల చుక్క తడి లేదు."

మా ఆయన ఆ రోజు పనికి వెళ్లలేదు, ఒంట్లో బాగాలేదని పడుకున్నాడు. చప్పుడుకి లేచి బయటికి వచ్చాడు. లారీని చూశాడు. మాతో ఏమీ అనకుండా వెళ్లి ఒక అంచు పట్టుకున్నాడు. ఒక్కొక్కటే దించి గోడౌను గోడవార నిలబెట్టాం. నిజంగానే ఒక్క దానికి మచ్చ లేదు, చిన్న పెచ్చు కూడా ఊడలేదు. మధ్య కాగితాలు పొడిగా గలగలమంటున్నాయి. దించుతున్నకొద్దీ మా ఆయన మొహం ఎర్రబడుతోంది.

చివరి పలక దించేటప్పుడు నా చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. వాకిలి మధ్యకి తీసుకెళ్లి, రెండు చేతులా తలపైకెత్తి, నేలకేసి కొట్టాడు.

ఆ చప్పుడుకి గోడౌను మీది పావురాలన్నీ లేచాయి. నత్త ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఆయన కాళ్ల చుట్టూ పెంకులు. చెయ్యి తెగి మణికట్టు మీదుగా రక్తం కారుతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. రెండో పలక కోసం గోడవైపు తిరిగాడు.

అత్తయ్య కర్ర ఆనించుకుంటూ గుమ్మం దిగింది. అంత దూరం ఆవిడ ఎవరి సాయమూ లేకుండా నడవడం అదే మొదలు.

"ఇంకోటి కావాలా?" అంది. "తీసుకో. అన్నీ పగలగొట్టు. నీ ఇష్టం. అయ్యాక ఊడ్చి మరీ లోపలికి రా."

అతను కొడుకులా కాక పసివాడిలా ఆవిడకేసి చూశాడు. చేతులు కిందికి వాలిపోయాయి. జెండా మనిషి మెల్లిగా వెళ్లి ఆ తెగిన చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. నేను గుడ్డ చింపి కట్టాను. ఎన్నో రోజుల తర్వాత మా ఆయన అప్పుడు బయటికి ఏడ్చాడు, అందరి ముందూ, నత్త భుజం మీద తల ఆనించి.

తర్వాత చీపురు పట్టుకుని తనే ఊడ్చాడు. నేను చాట పట్టాను. ఎంత ఊడ్చినా సిమెంటు పగుళ్లలో మిగిలిపోయిన ముక్కలు ఎండపడినప్పుడల్లా మెరిసేవి. అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని, కర్రతో చూపిస్తూ ఉండేది. ఆ ఏడాది వానలు పూర్తిగా వెళ్లిపోయేదాకా, చెప్పుల్లేకుండా ఎవర్నీ వాకిట్లో అడుగు పెట్టనివ్వలేదు ఆవిడ.